రేణిగుంటలో ఆదివారాలు

ఆదివారం పొద్దున, ఎండ చురుక్కుమనక ముందే, యతిరాజులు స్కూటరు రేణిగుంటలో బస్సులు ఆగే చోటికి ఎదురుగా వచ్చి ఆగేది. వెనక సీటు మీది నుంచి హంసిని దిగేది. కాసేపటికి ఏర్పేడు వైపు నుంచి తిరుపతికి పోయే బస్సొకటి రోడ్డుకు అవతలి పక్కన ఆగేది. అందులోంచి మోహన, ఆమె వెనకాలే వీపున సంచి తగిలించుకొని కౌస్తుభ్ దిగేవాళ్ళు. ఇటు నాయన, అటు అమ్మ. మధ్యన రోడ్డు.

అప్పుడు పిల్లలిద్దరూ రోడ్డు దాటాలి. హంసిని అమ్మ దగ్గరికి, కౌస్తుభ్ నాయన దగ్గరికి. నడిమధ్య డివైడరు మీద అక్కాతమ్ముడు ఎదురుపడేవాళ్ళు. లారీలు పోయేదాకా నిలబడక తప్పదు గనక ఆ కాస్తంతసేపూ మాట్లాడుకునేవాళ్ళు.

“తిన్నావారా?”

“తిన్నా.”

“బడి బాగుండాదా?”

“ఉండాది.”

లారీలు పోయేవి. ఎవరి దారి వాళ్ళది. కొడుకును ఎక్కించుకున్న స్కూటరు మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా మోహన ఏర్పేడు బస్సు కోసం ఆ పక్కకు దాటేది కూడా కాదు. సాయంత్రం మళ్ళీ అదే చోట, పొద్దున జరిగిందంతా వెనకనుంచి ముందుకు జరిగేది.

కోర్టులో ఒప్పుకున్న ఏర్పాటు అది. ఇంటర్ రెండో ఏడు చదువుతున్న హంసిని తిరుపతిలో తండ్రి దగ్గర. ఆరో తరగతి పిల్లవాడు కౌస్తుభ్ ఏర్పేడులో తల్లి దగ్గర. ఆదివారం మాత్రం కూతురు తల్లి దగ్గరికి, కొడుకు తండ్రి దగ్గరికి. న్యాయంగా ఉందన్నారు లాయర్లిద్దరూ. ఎవరికీ ఎక్కువ లేదు, ఎవరికీ తక్కువ లేదు. వారంలో ఏ ఒక్క పూటా పిల్లలిద్దరూ ఒకే ఇంట్లో ఉండరన్న సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు. తట్టినా నోరు తెరిచి అన్నవాళ్ళు లేరు.

వాళ్ళ ఇల్లు తిరుపతిలో, గోవిందరాజస్వామి గుడికి దగ్గర. తాతల కాలం నుంచి గుడి కైంకర్యంలో ఉన్న వైష్ణవ కుటుంబం. యతిరాజులు దేవస్థానం ఆఫీసులో ఉద్యోగి. మోహన ఏర్పేడు పక్కన సర్కారు హైస్కూల్లో లెక్కల టీచరు. ఇన్నేళ్ళూ రోజూ బస్సులో పోయి వచ్చింది. వాళ్ళు విడిపోతున్నారని తెలిసినప్పుడు బంధువులంతా కారణం కోసం వెతికారు. యతిరాజులు తాగడు, చెయ్యి ఎత్తడు. మోహన పేరు మీద ఒక్క మాట పడింది లేదు. మూడో మనిషి లేడు. మరి ఎందుకంటే, చెప్పడానికి ఎవరికీ ఏమీ దొరకలేదు.

హంసినికి మాత్రం తెలుసు. ఆ ఇంట్లో నాయనకు కోపమొస్తే మాట ఆగిపోతుంది, వారాలకు వారాలు. అమ్మకు కోపమొస్తే మాట ఆగదు. ఆయన మౌనం ఆమెను రగిలిస్తుంది, ఆమె మాట ఆయన్ను ఇంకా లోపలికి తోస్తుంది. చివరి రెండేళ్ళూ వాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకున్నదే లేదు. అంతా హంసిని మీదుగానే నడిచింది. “మీ నాయనకు చెప్పు, కాఫీ ఆడ పెట్టినా.” “మీ అమ్మకు చెప్పు, నేను రేపు కొండకు పోతా ఉండా.” వంటింటికీ వరండాకూ మధ్య తిరిగి తిరిగి ఆ పిల్ల ఒక పని నేర్చుకుంది. ఇటు మాటలో ఉన్న ముల్లు తీసేసి అటు చెప్పడం. ఎన్ని ముళ్ళు తీసినా ఇల్లు నిలవలేదు. మొన్న వేసవిలో మోహన బడి దగ్గరే చిన్న ఇల్లు బాడుగకు తీసుకొని కొడుకుతో వెళ్ళిపోయింది.

కౌస్తుభ్ అంతకుముందు అల్లరికి పెట్టింది పేరు. హంసినికి పశువుల డాక్టరు కావాలని కోరిక. వీధిలో కుంటే కుక్కా, రెక్క విరిగిన పావురమూ వాళ్ళ వరండాకే చేరేవి. అక్క పసుపు అద్దుతుంటే తమ్ముడు వాటిని పట్టుకొని కూర్చునేవాడు. గీరించుకునేవాడు, కరిపించుకునేవాడు, అయినా వదిలేవాడు కాదు. అక్క మీదికి కాళ్ళేస్తే తప్ప వాడికి నిద్ర పట్టేది కాదు.

అటువంటివాడు ఏర్పేడుకు పోయినాక నెమ్మదస్తుడైపోయాడు. ఏమడిగినా “సరే” అంటాడు. అన్నం పెడితే సరే, చదువుకోమంటే సరే, పడుకోమంటే సరే. “పిల్లోడు ఎంత బుద్ధిమంతుడైపోయినాడో సూడు” అని మోహన మురిసిపోయింది. “నా దగ్గర కిక్కురుమనడు” అని యతిరాజులు సంతోషపడ్డాడు. హంసినికి అది నచ్చలేదు. దెబ్బ తగిలిన కుక్క కూడా అట్లాగే మూలన గమ్మున పడుకుంటుందని ఆమెకు తెలుసు. ఫోను చేసినా లాభం లేకపోయింది. పక్కన ఎవరో ఒకరు ఉంటారు, వాడు “ఊ” అంటాడు, అంతే.

అక్టోబరులో ఒక ఆదివారం, డివైడరు మీద, వాడి మోకాలికి కట్టు కనిపించింది. నిక్కరు అంచు కింద తెల్లటి గుడ్డ, దాని చుట్టూ పసుపురంగు మందు మరక.

“ఏంరా ఇది?”

“సైకిల్ మీంచి పడినా.”

“ఎప్పుడు?”

“పోయిన సోమవారం. కుట్లు ఏసినారు.”

హంసిని వంగి కట్టు చూడబోయింది. అవతలి నుంచి యతిరాజులు హారన్ కొట్టాడు. కౌస్తుభ్ కుంటుకుంటూ దాటిపోయాడు.

ఏర్పేడు బస్సులో అమ్మ పక్కన కూర్చోగానే అడిగింది. “నాకెందుకు చెప్పలేదమ్మా?”

మోహన కిటికీ వైపు తిరిగింది. “నీకు చెప్తే మీ నాయనకు తెలుస్తాది. తెలిస్తే ఏమంటాడు? పిల్లోన్ని సూసుకోవడం చేతకాదని కోర్టుకు పోతాడు. పుండు మానిపోయినాక చెప్దామనుకున్నా.”

“నాయనకు కాదమ్మా, నాకు. వాడు నా తమ్ముడు.”

బడిలో అంతమంది పిల్లలకు లెక్కలు విడమరిచి చెప్పే మనిషి, దారి పొడుగునా మాట్లాడకుండా కూర్చుంది.

ఆ సాయంత్రం తిరుపతి ఇంట్లో ఇంకోటి బయటపడింది. యతిరాజులు స్నానానికి పోతూ ఫోను ఛార్జింగుకు పెట్టమని కూతురి చేతికిచ్చాడు. తెర మీద లాయరుకు పంపిన ఫోటో ఉంది. కౌస్తుభ్ మోకాలు. కట్టు విప్పి, కుట్లు కనిపించేట్టు దగ్గరగా తీసింది. కింద, “ఇది పనికొస్తుందా సార్?” అని రాసి ఉంది.

హంసిని వరండాలో చాలాసేపు అట్లాగే నిలబడింది. ఏడుపు రాలేదు. అమ్మ దాచిపెట్టింది, నాయన ఫోటో తీశాడు. ఇద్దరిలో ఒక్కరైనా ఆ మోకాలిని మోకాలిగా చూశారా? తండ్రి తల తుడుచుకుంటూ వచ్చేసరికి అడిగేసింది.

“నాయనా, వాన్ని మనతో పాటు పెట్టుకోరాదా? లేదంటే నన్నన్నా వానితో పంపించు.”

“కోర్టులో ఒప్పుకున్నాం. ఇంగ దాని గురించి మాట్లాడొద్దు.”

“మమ్మల్ని ఎవరన్నా అడిగినారా?”

యతిరాజులు మౌనంలోకి వెళ్ళిపోయాడు. ఆ తలుపు మూసుకుంటే ఇక ఎవరు తట్టినా తెరుచుకోదు.

అంతా వింటూ లోపల తులసిమాల తిప్పుతున్న రంగనాయకి మనవరాలిని దగ్గరికి పిలిచింది. యతిరాజులు తల్లి ఆమె. కోడలంటే పెద్ద ప్రేమేమీ లేదు, ఆ సంగతి దాచుకునే అలవాటూ లేదు. హంసిని ఆమెను అవ్వా అని పిలుస్తుంది.

“మీ తాత పోయినాక నన్ను కూడా ఇట్లే పంచుకున్నారు మే” అందామె. “మీ పెదనాయన కాడ ఆర్నెల్లు, ఈడ ఆర్నెల్లు. నన్నొకరూ అడగలా. పంచుకునే సొమ్ముకు నోరుండదనుకుంటారు. నేను కూడా నోరు తెరవలా, అదే నేను చేసిన తప్పు. ఆడ ఇమడలేక ఈడికొచ్చి పడినాక గదా తెలిసింది వాళ్ళకు.” రవ్వంతసేపు మాల తిప్పింది. “నేను చెప్పినానని మీ నాయనకు చెప్పొద్దు. గానీ అడిగేటప్పుడు ఇద్దర్నీ ఒకే తావ పెట్టి అడుగు. విడివిడిగా అడిగితే నీ మాటను వాళ్ళ కొట్లాటలో కలిపేసుకుంటారు.”

ఆ మాట హంసినికి ఎక్కింది. ఇద్దర్నీ ఒకే చోట చేర్చడమంటే మాటలా! నాయన ఏర్పేడు పొలిమేర తొక్కడు, అమ్మ ఈ వీధిలోకి రాదు. వాళ్ళిద్దరూ ఒకరికొకరు కంటికి కనిపించే చోటు లోకంలో ఒకటే ఉంది.

కాలేజీలో హంసిని పక్క సీటు ఫిర్దోస్‌ది. వాళ్ళది రేణిగుంటే. తండ్రి వలి బాషా బస్సులు ఆగే చోటుకు దగ్గర్లోనే జ్యూస్ అంగడి నడుపుతాడు. హంసిని చెప్పిందంతా విని ఫిర్దోస్, “మా అబ్బాకు నేను చెప్తాలే. లోపలి బల్ల ఖాళీగా పెట్టిస్తా. అయితే వాళ్ళు లోపలికి రాకపోతే ఏం చేస్తావు?” అంది.

“వస్తారు.”

“రాకపోతే?”

“వచ్చేదాకా మేం బయటికి రాము.”

ఆ తర్వాతి ఆదివారం స్కూటరు వెనక కూర్చున్నంతసేపూ తండ్రి నడుము చుట్టూ వేసిన హంసిని చేతులు చల్లబడి ఉన్నాయి. “జ్వరమేమన్నా వచ్చిందా పాపా?” అని యతిరాజులు అడిగాడు కూడా. ఆ ఒక్క మాటకు ఆమె మనసు సగం వెనక్కి లాగింది. ఇంత ప్రేమగా అడిగే మనిషిని నలుగురిలో నిలబెట్టబోతున్నానా అనుకుంది. మరుక్షణమే తెర మీది ఫోటో కళ్ళముందు కదిలింది.

బస్సు ఆగింది. అమ్మా తమ్ముడూ దిగారు. హంసిని సగం రోడ్డు దాటి డివైడరు ఎక్కింది. కౌస్తుభ్ అటునుంచి వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. కట్టు తీసేశారు, మోకాలి మీద గులాబీరంగు గీత మిగిలింది.

“ఈ పొద్దు ఎవురి దగ్గరికీ పోవద్దురా. నాతో రా.”

“యాడికి?”

“జ్యూస్ తాగేదానికి.”

వాడు నాయన వైపు చూశాడు, అమ్మ వైపు చూశాడు. అలవాటైన “సరే” వాడి నోట రాలేదు. అక్క చెయ్యి మాత్రం పట్టుకున్నాడు, గోళ్ళు దిగేంత గట్టిగా. ఇద్దరూ డివైడరు వెంబడే నడిచి, సందు ఉన్న చోట దాటి, వలి బాషా అంగట్లోకి వెళ్ళారు.

లోపల గోడవారన బల్ల, నాలుగు కుర్చీలు. ఫిర్దోస్ చెప్పినట్టే ఖాళీగా పెట్టించింది. ముందు యతిరాజులు వచ్చాడు, హెల్మెట్ తియ్యకుండానే. “ఏం ఆటలు ఇవి? పద.” ఆ వెనకే మోహన వచ్చింది. గుమ్మం దగ్గర భర్తను చూసి ఆగిపోయింది. “కౌస్తుభ్, ఇట్లా రా” అని బయటినుంచే పిలిచింది.

“కూర్చోండి” అంది హంసిని. మళ్ళీ చెప్పింది, ఈసారి గట్టిగా. “ఇద్దరూ కూర్చోండి. మీరు కూర్చునేదాకా మేం లేచేది లేదు.”

వలి బాషా తడి చేతులు తువ్వాలుకు తుడుచుకుంటూ వచ్చాడు. పెద్దమనిషి. “సార్, మేడమ్, లోపలికి రండి. గుమ్మంలో నిలబడితే నలుగురూ చూస్తారు. లోపల ఎవరూ రాకుండా నేను చూసుకుంటా” అన్నాడు. నలుగురూ చూస్తారన్న మాట పనిచేసింది. యతిరాజులు ఒక కొసన, మోహన ఇంకో కొసన కూర్చున్నారు. పిల్లలు మధ్యలో.

హంసిని అద్దం ముందు నిలబడి ఎన్నోసార్లు చెప్పుకున్న మాటలన్నీ ఆ క్షణాన ఎగిరిపోయాయి. మిగిలింది చెప్పింది.

“మీరు మళ్ళా ఒకటి కావాలని అడగడం లేదు. అది మీ ఇష్టం. మీకు కుదరలేదు, విడిపోయినారు. మేం విడిపోలేదే. మాకు విడాకులు ఎవురిచ్చినారు?”

వలి బాషా సపోటా జ్యూస్ గ్లాసులు పెట్టి పోయేదాకా ఆగి హంసిని మళ్ళీ అందుకుంది.

“ఇద్దరం ఒకే తావ ఉంటాం. ఒక వారం ఏర్పేడు, ఒక వారం తిరుపతి. వాడు బడికి, నేను కాలేజీకి బస్సులో పోయొస్తాం. అమ్మ అన్నేళ్ళు తిరగలేదా? ఆ దారిలోనే మేమూ తిరుగుతాం.”

“పరీక్షల ఏడాది” అన్నాడు యతిరాజులు. “బస్సుల్లో తిరిగితే నీ సీటు ఏమైపోతాది?”

“నా సీటు సంగతి నాకు వదిలెయ్ నాయనా.”

“నీకేం తెలుసే!” అంది మోహన. “వాన్ని వారం పాటు ఆ ఇంట్లో పెడితే మీ అవ్వ వాని చెవులో ఏమేం పోస్తాదో! ఇన్నాళ్ళకు రవ్వంత కుదురుకున్నాడు.”

“వాడు కుదురుకోలా అమ్మా. నోరు మూసుకున్నాడు.” హంసిని తండ్రి వైపు తిరిగింది. “నాయనా, నీ ఫోన్లో వాని మోకాలి ఫోటో ఉండాది. తీసెయ్.”

మోహన ముఖం పాలిపోయింది. “ఏం ఫోటో?” తర్వాత ఎర్రబడింది. “బిడ్డ దెబ్బను కూడా నా మీద సాక్ష్యంగా పెట్టినావా?”

“దాచిపెట్టింది నువ్వు” అన్నాడు యతిరాజులు. రెండేళ్ళు దాటినాక భార్యతో నేరుగా అన్న మాట అది. “కుట్లు పడినా కన్నతండ్రికి చెప్పనిదానివి!”

“చెప్తే ఏం చేస్తావో ఇప్పుడు చూపించినావు గదా!”

మాటా మాటా పెరిగింది. చెరుకు మిషను దగ్గర నిలబడ్డ మనుషులు తొంగి చూశారు, వలి బాషా తెర లాగాడు. హంసిని కళ్ళు మూసుకుంది. మళ్ళీ అదే వంటిల్లు, అదే వరండా. ఈసారి ముల్లు తీసి అందించే పని మాత్రం నేను చెయ్యను అనుకుంది. మనసులో మాత్రం, ఇంతేనా, ఇందుకేనా ఇక్కడికి లాక్కొచ్చాను అని ఒకటే దిగులు.

అప్పుడు కౌస్తుభ్ మాట్లాడాడు. ఎవరి వైపూ చూడలేదు. ఎదురుగా ఉన్న సపోటా జ్యూస్ గ్లాసుకేసి చూస్తూ అన్నాడు.

“కుట్లు ఏసేటప్పుడు అక్కను పిలవమని ఏడిసినా. అమ్మ పిలవలా. నాయన ఫోటో తీసేటప్పుడు, కట్టు పీకొద్దు, మండుతాది అని చెప్పినా. నాయన వినలా.”

అంతే అన్నాడు. గ్లాసు ఎత్తి తాగసాగాడు.

మోహన చెయ్యి బల్ల మీద అట్లాగే ఉండిపోయింది. కన్నీళ్ళు కారుతున్నా తుడుచుకోవాలన్న ధ్యాస లేదు. యతిరాజులు హెల్మెట్ అప్పటికి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఫోను తీశాడు. కళ్ళజోడు లేక తెర సరిగా కనబడకపోతే కూతురి ముందుకు జరిపాడు. హంసిని ఆ ఫోటో తీసేసి ఫోను తిరిగిచ్చింది.

ఆయన ఫోను జేబులో పెట్టుకుంటూ అన్నాడు. “నువ్వు ఆడ వారం ఉంటే మళ్ళా ఈడికి రావని నా భయం. ఒక బిడ్డ ఎట్లాగూ పోయినాడు. నువ్వు కూడా పోతే ఆ ఇంట్లో నేనేం చేయాల?”

హంసిని కోపానికి సిద్ధపడి వచ్చింది. భయానికి సిద్ధపడి రాలేదు. అమ్మ వైపు చూస్తే అక్కడా అదే. “వాడు నన్ను మర్చిపోతాడు” అంది మోహన, చిన్నపిల్ల మాదిరి. “మీ ఇల్లు పెద్దది, వీధినిండా మనుషులు. నా దగ్గర ఏముండాది, రెండు గదులు.”

ఇంత పెద్దవాళ్ళు, ఒకరు మాట్లాడకుండా, ఒకరు ఆగకుండా మాట్లాడుతూ దాచిపెట్టుకున్నది ఇదా! హంసినికి వాళ్ళ మీద జాలేసింది. అయినా పట్టు సడలించలేదు. జాలిపడి వదిలేస్తే ఇక ఈ బల్ల దగ్గరికి వాళ్ళు మళ్ళీ రారు.

“నేను వస్తా నాయనా. వాడు మర్చిపోడమ్మా. మాట ఇస్తా ఉండా. మీరు కూడా ఒక మాట ఇయ్యండి. ఈ పొద్దు నుంచే.”

“ఒక నెల చూద్దాం” అన్నాడు యతిరాజులు గోడ వైపు చూస్తూ. మోహన తల ఊపింది.

కౌస్తుభ్ పుస్తకాలన్నీ ఏర్పేడులో ఉన్నాయి గనక మొదటి వారం అక్కడే అనుకున్నారు. తనవి కాలేజీకి పోయినప్పుడు తెచ్చుకుంటానంది హంసిని. సాయంత్రం దాకా ఆగే పని లేకపోయింది. యతిరాజులు ఒక్కడే బయటికి వచ్చి హెల్మెట్ పెట్టుకున్నాడు. పట్టీ ఊడిందో, చెయ్యి కుదరలేదో, చాలాసేపు అవస్థ పడ్డాడు. వెనక సీటు ఖాళీగా స్కూటరు కదిలిపోతుంటే హంసినికి పరుగెత్తి ఎక్కేద్దామనిపించింది. పళ్ళు బిగబట్టి నిలబడింది. కౌస్తుభ్ చెయ్యి ఊపాడు. ఆయన వెనక్కి చూడలేదు, ఎడమ చెయ్యి మాత్రం కాస్త పైకెత్తాడు.

తర్వాతి రోజులు తేలిగ్గా గడిచాయని చెబితే అది అబద్ధమే అవుతుంది. ఏర్పేడు వారాల్లో హంసిని తెల్లవారకముందే లేచి బస్సు ఎక్కాలి. కూర్చోడానికి చోటు దొరికితే జువాలజీ, దొరక్కపోతే నిలబడే నిద్ర. తిరుపతి వారాల్లో కౌస్తుభ్‌ను ఎదురు దిశలో పంపాలి. మొదట్లో వాడికి బస్సు పడక రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. నవంబరు వానలకు రోడ్డు మీదికి నీళ్ళొచ్చి అక్కాతమ్ముడు ఏర్పేడులోనే చిక్కుకుపోతే, యతిరాజులు మాట తప్పారనుకొని మళ్ళీ మౌనంలోకి దిగాడు. హంసిని ఈసారి ఆ తలుపు ముందు కూర్చోలేదు. “నీకు కోపమొస్తే అమ్మకే ఫోన్ చెయ్ నాయనా. నేను చెప్పను” అనేసి పుస్తకం తెరిచింది.

ఆయన చెయ్యలేదు, నాలుగు రోజులు. ఐదో రోజు కౌస్తుభ్‌కు తిరుపతిలో జ్వరమొచ్చింది. ఆ పూట ఫోన్ మోగించాడు. “మోహనా, పిల్లోనికి జ్వరం. నూటొకటి ఉండాది. మాత్ర ఏసినా. రేపు బడికి రాడు.” అవతల ఆమె ఏమందో వినబడలేదు. “సరే. నీళ్ళగుడ్డ వేస్తాలే” అని పెట్టేశాడు. రంగనాయకి మాల తిప్పడం ఆపి కొడుకు వంక చూసింది, మళ్ళీ తిప్పుకుంది.

ఆ జ్వరంలోనే ఒకనాడు కౌస్తుభ్ అడిగాడు. “అక్కా, వాళ్ళు ఫోన్లో మాట్లాడుకుంటా ఉండారు గదా. మళ్ళా ఒకే ఇంట్లో ఉంటారా?”

హంసిని వాడి నుదుటి మీది గుడ్డ తిప్పి వేసింది. అబద్ధం చెబితే ఈ రాత్రికి హాయిగా నిద్రపోతాడు. “ఉండరురా. నాకు తెలిసి ఉండరు.”

“మనం?”

“మనం ఉంటాం.”

సంక్రాంతి సెలవులు పోయినాక ఆ కొత్త ఏర్పాటుకే కోర్టులో ఒప్పుకున్నారు. కౌన్సెలింగ్ గదిలో కూర్చున్న చెంగమ్మ మేడం హంసినిని విడిగా పిలిచింది. “నీకు త్వరలో పద్దెనిమిది నిండుతాయి. అప్పుడు నీకు ఏ ఒప్పందమూ వర్తించదు. యాడ కావాలంటే ఆడ ఉండొచ్చు. తెలుసా?”

“తెలుసు మేడం.”

“మరి ఇంత కష్టం ఎందుకు పెట్టుకున్నావు? కొన్నాళ్ళు ఓపిక పట్టి ఉంటే సరిపోయేది గదా.”

“నాకు నిండుతాయి మేడం. వానికి పదకొండే.”

చెంగమ్మ తలూపి కాగితాల మీద సంతకం పెట్టింది.

వేసవిలో ఫలితాలొచ్చాయి. ఇంటర్‌లో మంచి మార్కులే. ఎంట్రన్సులో మాత్రం పశువైద్య కళాశాల సీటుకు సరిపోని ర్యాంకు వచ్చింది. కాస్తలో పోయింది. ఆ సాయంత్రం మోహన ఫోన్లో ఏడ్చింది, యతిరాజులు మంచం మీద కూలబడ్డాడు. “నేను అప్పుడే చెప్పినా. ఆ బస్సులు నిన్ను ముంచినాయి” అన్నాడు.

హంసిని కూడా ఏడ్చింది. స్నానాల గదిలో, కొళాయి తిప్పిపెట్టి, కసిదీరా ఏడ్చింది. ముఖం కడుక్కొని వచ్చి తండ్రి ఎదురుగా కూర్చుంది.

“బస్సులు కాదు నాయనా. ఫిజిక్స్. బస్సులో చదివిన జువాలజీలో నాకు అన్నిటికంటే ఎక్కువొచ్చినాయి. ఇంట్లో కూర్చొని చదివిన ఫిజిక్సే దెబ్బ కొట్టింది.”

యతిరాజులుకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. “ఇప్పుడేం చేస్తావు?”

“మళ్ళా రాస్తా.”

“మళ్ళా ఏడాది? ఇదే తిరుగుడుతోనా?”

“ఇదే తిరుగుడుతోనే. అమ్మకు ఫిజిక్స్‌లో లెక్కలన్నీ వచ్చు. ఆ వారాలు ఆమె దగ్గర చెప్పించుకుంటా. ఈ వారాలు నువ్వు పొద్దున్నే లేపి కాఫీ పెట్టియ్యాల. నాకు నీ కాఫీ కావాల, అవ్వది పాయసం మాదిరి ఉంటాది.”

లోపలినుంచి రంగనాయకి ఏదో గొణిగింది. కౌస్తుభ్ వరండాలోంచి కేక వేశాడు. వాడి ఒళ్ళో చెవి చిరిగిన పిల్లి ఒకటి పెనుగులాడుతోంది. “అక్కా, బిరీన రా! ఇది నిలబడటం లే!”

హంసిని పసుపు డబ్బా తీసుకొని లేచింది.